పసుపంటిన ఉత్తరం

వీడియో గేములకు కథలు రాసే మనిషి అంటే సిద్దిపేటలో ఎవరూ నమ్మరు. "ఆటకు కథేందమ్మా, ఆడుకుంటరు గదా" అని కూరగాయల మార్కెట్లో అడిగినవాళ్లకు అనసూర్య మొదట్లో ఓపిగ్గా విడమరిచి చెప్పేది. తర్వాత్తర్వాత "కంప్యూటర్ పని" అని తప్పించుకోవడం నేర్చుకుంది. నిజానికి ఆ ప్రశ్న ఆమెను ఆఫీసులో కూడా రోజూ అడిగేవాళ్లు, కాకపోతే కొంచెం మర్యాదగా అడిగేవాళ్లు.

ఆమెకు నలభై నాలుగేళ్లు. పద్నాలుగేళ్లు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పింది. కరోనా వచ్చిన ఏడాది బడి మూతపడింది. మళ్లీ తెరిచినప్పుడు సోషల్ చెప్పే ఆయన తెలుగు కూడా తనే చెప్తానన్నాడు, యాజమాన్యం సంతోషించింది. రెండేళ్లు బట్టల దుకాణంలో చీరలు విప్పడం, మడవడం. నేతపని వాళ్ల ఇంట్లో పుట్టి, మిల్లు చీరలు చూపించి ఇవే మంచివని ఒట్టేసి చెప్పాల్సి వచ్చేది. అక్కడికే ఒకరోజు తల్లికి చీర కొందామని దినేశ్ వచ్చాడు. ఏడో తరగతిలో పద్యం అప్పజెప్పలేక బల్లకింద దాక్కున్న దినేశ్, ఇప్పుడు పాత బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని ఫోన్లలో ఆడే గేములు తయారు చేస్తున్నాడు. "మాకు తెలుగు రాసేటోళ్లు లేరు టీచర్, వస్తరా?" అన్నాడు. చేతిలో చీర పక్కన పెట్టి వస్తానంది.

మొదటి గేము ఒక దొంగది. వాడు మిద్దెలెక్కుతాడు, దూకుతాడు, పారిపోతాడు. వాడెందుకు దొంగయ్యాడో అనసూర్య నలభై వాక్యాలు రాసింది. దినేశ్ చదివి, "కథ మస్తుంది టీచర్. గని ఆడేటోడు ఆగడు. మూడు మాటల్ల చెప్పుండ్రి" అన్నాడు. నలభై వాక్యాలు మూడయ్యాయి. ఆ మూడింటి కింద కూడా కుడివైపు మూలలో స్కిప్ అని ఒక బటన్ పెట్టారు. లోకంలో కథ చెప్పే ప్రతివాడికీ వినేవాడు లేచిపోతాడేమోనన్న భయం ఉంటుంది. కానీ కథ చెప్పేవాడి నోరు మూసే బటన్‌ను వాడి పక్కనే కూర్చుని తయారుచేసి, బొటనవేలికి అందేచోట పెట్టే వృత్తి ఇదొక్కటే. నూటికి తొంభై ఆరుగురు దాన్ని నొక్కారని నెలాఖరుకు లెక్క చూపించారు. మిగిలిన నలుగురు ఆ సమయంలో ఫోన్ పక్కన పెట్టి ఏదో పని మీద లేచి ఉంటారని అనసూర్య అనుమానం.

రెండేళ్లు అలాగే గడిచాయి. అప్పుడు హైదరాబాదు కంపెనీ ఒకటి మన ప్రాంతం గేము కావాలని అడిగింది. నేతన్నల ఇంటి గేము. ఆడేవాళ్లు కండెలకు నూలు చుట్టాలి, నిలువు పోగుల మధ్య నాడె విసరాలి, పోగు తెగితే ముడేయాలి, చీర పూర్తి చేయాలి. మధ్యలో ఆ ఇంటి కథ నడవాలి. "ఈసారి సగం ఆట, సగం కథ టీచర్. గుండె పట్టుకునే ముచ్చట ఒక్కటి ఇయ్యుండ్రి" అన్నాడు దినేశ్. బొమ్మలు వేసే మనస్విని, మగ్గం మీద చేతులు ఎలా ఆడతాయో చూడాలని అడిగితే అనసూర్య తన తల్లి కిష్టవ్వను ఆఫీసుకు తీసుకొచ్చింది. నలభై ఏళ్లు గుంటమగ్గంలో కూర్చుని మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి. మగ్గం లేకుండానే గాలిలో నాడె విసిరి చూపిస్తే మనస్విని నోరెళ్లబెట్టింది.

గుండె పట్టుకునే ముచ్చట కోసం అనసూర్య మూడు రోజులు వెతుక్కుంది. కరువు రాసింది, కొట్టేసింది. దళారీ మోసం రాసింది, కొట్టేసింది. నాలుగో రోజు ఎవరికీ చెప్పనిది ఒకటి రాసింది. కూర్చున్నదగ్గర్నుంచి లేవకుండా రాసింది. పేర్లు మార్చి, "మా వాడలో ఒకళ్లింట్ల జరిగింది" అని దినేశ్ చేతిలో పెట్టింది.

జరిగింది వాళ్లింట్లోనే. తొంభై ఏడులో. అనసూర్య తండ్రి సిద్ధయ్య అప్పటికి నాలుగేళ్లుగా భివండీ పవర్‌లూముల్లో పనిచేస్తున్నాడు. అతని తమ్ముడి కుటుంబమూ అక్కడే. ఆ తమ్ముడి కూతురికి సంబంధం కుదురుతోందని, లగ్నం పెట్టుకోగానే ఉత్తరం రాస్తామని కబురు వచ్చి ఉంది. అనసూర్య చేర్యాలలో మేనత్త ఇంటికి పోయింది. కిష్టవ్వ ఒక్కతే మగ్గం మీద ఉండగా, ఒక మంగళవారం మధ్యాహ్నం పోస్టుమాన్ ఇన్‌లాండ్ లెటర్ ఇచ్చిపోయాడు. దాని మూల మీద పసుపు ఉంది.

చావు కబురైతే మూల చించి పంపుతారు, పెళ్లి కబురైతే మూలకు పసుపు పెడతారు. ఇది ఆ వాడలో పిల్లలకు కూడా తెలుసు. కిష్టవ్వకు చదువు రాదు. పక్కింటివాళ్లతో చదివించవచ్చు. కానీ శుభలేఖను మంగళవారం విప్పుతారా ఎవరైనా? బుధవారం అమావాస్య. అది అసలే కుదరదు. గురువారం బిడ్డ వస్తుంది, దీపం ముట్టించి ఇంటిపిల్ల చేత చదివించుకుందామని ఉత్తరాన్ని దేవుని గూట్లో పెట్టి దండం పెట్టుకుంది. వాడలో నలుగురికీ చెప్పుకుంది కూడా, లగ్నం కుదిరిందని.

గురువారం పదకొండు గంటలకు పదహారేళ్ల అనసూర్య దీపం ముందు కూర్చుని ఉత్తరం విప్పింది. రాసింది తండ్రితో ఒకే గదిలో ఉండే మనిషి. ఉన్నవి నాలుగే ముక్కలు. సిద్ధయ్యకు కడుపులో పేగు చెడింది. సర్కారు దవాఖానలో వేసినం. ఇంటోళ్ల దస్కత్ లేనిదే ఆపరేషన్ చెయ్యమంటున్రు. ఉత్తరం అందంగనే ఎల్లుండ్రి. ఆ గదిలో ఆ వారం వంట వంతు అతనిదేమో, పసుపు చేత్తోనే ఉత్తరం మడిచాడు. అంతే, ఇంకేం లేదు.

అనసూర్య పైకి చదివింది. మొదటి ముక్క చదివింది, రెండోది చదివింది. మూడోది, ఆ సంతకం సంగతి, మింగేసి నాలుగోదానికి పోయింది. ఎందుకు మింగిందో ఆ పిల్లకే తెలియదు. తల్లి మొహం చూస్తుంటే ఆ మాట నోట్లోంచి రాలేదు. స్కిప్ బటన్‌ను ఇన్నేళ్లు తిట్టుకున్న మనిషి, తన జీవితంలో మొదటి స్కిప్ ఆ రోజు తనే నొక్కింది.

తల్లీబిడ్డలు పడుతూ లేస్తూ శనివారం తెల్లారేసరికి భివండీ చేరారు. సిద్ధయ్య శుక్రవారం సాయంత్రమే పోయాడు. దినాలయ్యాక కిష్టవ్వ ఒకే ఒక్కసారి అడిగింది, మంగళవారమే విప్పి ఉంటే బతికేవాడా అని. "ఉత్తరం రాసేటప్పటికే డాక్టర్లు ఆశ ఇడిసిన్రట అవ్వా. మనం అప్పుడే పోయినా లాభం లేకపోతుండె" అంది అనసూర్య. ఆ సాయంత్రమే ఉత్తరాన్ని పొయ్యిలో వేసింది. ఆ అబద్ధం మీదే కిష్టవ్వ ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. మొగుడు పోయాడు, మగ్గం పోయింది, మోకాళ్లు పోయాయి. తన చేతుల మీదుగా ఏ తప్పూ జరగలేదన్న నిమ్మళం ఒక్కటే మిగిలింది. దాన్ని కాపాడటం కోసం అనసూర్య భర్తకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఫోన్లో అందరి క్షేమమూ అడుగుతాడు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

మరి గేములో ఎందుకు పెట్టినట్టు? పెట్టకూడదని తెలుసు. అవ్వకు ఫోన్ ఎత్తడం, పెట్టడం తప్ప ఏమీ రాదని ధైర్యం చెప్పుకుంది. అసలు కారణం వేరే ఉంది. రాసిన ప్రతి వాక్యాన్నీ బొటనవేలితో తోసేస్తున్న జనం, ఒక్కసారైనా, ఒక్క ఘట్టం దగ్గరైనా ఆగాలన్న కసి. ఆ కసితో ఇంట్లో ఉన్నదంతా తీసి అంగట్లో పెట్టింది.

దినేశ్ రెండుసార్లు చదివాడు. తర్వాత, "ఉత్తరం రాంగనే నొక్కెతందుకు రెండు బొమ్మలు పెడదాం. ఒకటి ఇప్పేది, ఒకటి గూట్ల పెట్టేది. ఇప్పితే ఆయన బతుకుతడు" అన్నాడు.

"ఇప్పే బొమ్మ ఉండొద్దు" అంది అనసూర్య. "ఆ ఇంట్ల ఎవలి చెయ్యీ ఇప్పెతందుకు పోదు. అదే గదా కథ."

"బొమ్మ లేకపోతే అది సినిమా అయితది టీచర్. ఆడేటోని చేతిల ఏదన్న ఉండాలె. మంచిగ ఆడినోనికి ఆయనెందుకు సచ్చిండంటే మనం ఏం చెప్తం?"

"మంచిగున్నోళ్లు గూడ సస్తరని చెప్దాం."

"గట్ల చెప్తే ఫోన్లకెళ్లి గేము తీసేస్తరు."

వారం రోజులు వాదించుకున్నారు. చివరికి ఆమే తగ్గింది. తగ్గాక, తండ్రి బతికొచ్చే ముగింపు కూడా ఆమే రాయాల్సి వచ్చింది. బస్సు దిగి, ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని, గడపలో చెప్పులు విడిచి, "మగ్గం మీద ఏమున్నదే?" అని అడుగుతాడు. అరగంటలో రాసేసింది. రాస్తున్నంతసేపూ ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, లేచి పోయి మొహం కడుక్కోవాల్సి వచ్చింది. సిగ్గు కూడా వేసింది. కథ చెప్పే గొంతు కోసం హైదరాబాదులో ఎవరినో చూద్దామని, అప్పటిదాకా ఆమె గొంతే పెట్టారు. ఉత్తరం చదివే గొంతు కూడా ఆమెదే. ఈసారి నాలుగు ముక్కలూ చదివింది.

డిగ్రీ కాలేజీ పిల్లల్ని ముప్పై ఇద్దరిని పిలిచి ఆడించారు. పసుపు అంటే ఏమిటో, అమావాస్య అంటే ఏమిటో ఆమె గొంతు చెప్పడం మొదలుపెట్టగానే బొటనవేళ్లు స్కిప్ మీదికి పోయాయి. ఉత్తరం కనపడిన సెకనులోపే ముప్పై ఒక్కరు విప్పేశారు. రాజయ్య అని పేరు మార్చుకున్న ఆమె తండ్రి ముప్పై ఒక్కసార్లు బస్సు దిగాడు. ఒకే ఒక్కడు గూడు నొక్కాడు, నొక్కి, "సారీ, చెయ్యి జారింది. ఎనుకకు పోవచ్చా?" అని అడిగాడు. ఒకమ్మాయి మాత్రం, "ఉత్తరమొస్తే ఇప్పకుండ ఎవరుంటరు మేడం?" అంది. తప్పు లేదు, నిజంగానే తెలియక అడిగింది. అనసూర్య ఉసూరుమంటూ ఇంటికి పోయింది. అవ్వ అన్నం పెట్టి, "తల నొస్తున్నదా బిడ్డా?" అని అడిగితే కళ్లెత్తి చూడలేకపోయింది.

ఆ మరుసటి వారం ఆమెను చేర్యాల పంపారు. గేము మొదట్లో గుడ్డ మీద వేసే నకాశీ బొమ్మ ఒకటి కావాలి, వేసే ఆయనతో మాట్లాడాలి. ఆ పని చూసుకుని బస్సు దిగి మూడు గంటలకు ఆఫీసు మెట్లెక్కుతుంటే పైనుంచి తన గొంతే వినిపించింది. చదువు రాని పెద్దవాళ్లకు బొమ్మలు అర్థమవుతాయో లేదో చూడాలని దినేశ్ చాలా రోజులుగా అంటున్నాడు. మనస్వినికి తెలిసిన చదువు రాని పెద్దావిడ ఒక్కతే ఉంది. ఆటో మాట్లాడి తీసుకొచ్చేసింది. అనసూర్యను అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, ఇదివరకు తీసుకొచ్చింది అనసూర్యే కదా.

కిష్టవ్వ దినేశ్ కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్‌ను రెండు చేతులతో పళ్లెంలా పట్టుకుంది. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. కండెలు చుట్టడం, నాడె విసరడం ఆమె ఆడినంత బాగా ఆ ముప్పై ఇద్దరిలో ఎవరూ ఆడలేదని మనస్విని మురిసిపోతోంది. ఫోన్లో పోస్టుమాన్ వచ్చి పోయాడు. ఉత్తరం కనపడింది, మూల మీద పసుపుతో.

కిష్టవ్వ చాలాసేపు చూసింది. "అమాస ఎప్పుడు?" అని అడిగింది.

"రేపే అవ్వా. గోడ మీద క్యాలెండర్ ఉన్నది సూడు" అంది మనస్విని.

ఇక ఆలోచించలేదు. గూడు మీద వేలు పెట్టింది. ఫోన్ మీదనుంచి వేలు తీసి చెయ్యి గుండెకు ఆనించుకుంది.

దినేశ్ చప్పట్లు కొట్టాడు. గుమ్మంలో అనసూర్యను చూసి, "సూసిన్రా టీచర్? ముప్పై రెండు మందికి సమజ్ కానిది అవ్వకు అయ్యింది. మీరు రాసిన కథ, అవ్వ ఆడిన ఆట, రెండూ కలిసినయి. గిదే నాకు కావాల్సింది" అన్నాడు.

అనసూర్య అప్పుడు రెండడుగులు వేసి ఫోన్ లాక్కోవచ్చు. చార్జింగ్ అయిపోయిందనో, అవ్వకు మందుల టైమయిందనో ఏదో ఒకటి చెప్పొచ్చు. కాళ్లు కదలలేదు. భయంతో కదలలేదని చెబితే సగమే నిజం. చచ్చేంత భయం కింద ఎక్కడో, తన కథ దగ్గర ఒకరు ఆగారన్న పాడు సంతోషం కూడా ఉంది. ఆ సంతోషానికి ఆమె తనను తాను ఈ రోజుకూ క్షమించుకోలేదు.

ఫోన్లో బుధవారం అయింది. కిష్టవ్వ అమావాస్యనాడు మగ్గం ముట్టకుండా కూర్చుంది. గురువారం దీపం వెలిగింది, ఉత్తరం విచ్చుకుంది, అనసూర్య గొంతు చదవడం మొదలుపెట్టింది. పేగు చెడింది. దవాఖానలో వేసినం. ఇంటోళ్ల దస్కత్ లేనిదే ఆపరేషన్ చెయ్యమంటున్రు.

కిష్టవ్వ తల ఎత్తలేదు. ఫోన్లో లచ్చవ్వ అనే ఆవిడ భివండీ చేరింది, ఆలస్యమైపోయింది, తెర నల్లబడింది. ఘట్టం బాగా వచ్చిందని చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ గర్వంగా ఉంది.

"ఇంకోపారి పెట్టు బిడ్డా" అంది కిష్టవ్వ మనస్వినితో.

పెట్టింది. ఈసారి ఉత్తరం రాగానే విప్పే బొమ్మ మీద నొక్కింది. రాజయ్య బస్సు దిగాడు, ట్రంకుపెట్టె దించాడు, గడపలో చెప్పులు విడిచాడు, మగ్గం మీద ఏమున్నదని అడిగాడు. కిష్టవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "గిట్లగూడ ఉన్నదా" అంది. ఫోన్ బల్ల మీద పెట్టి, "పోదాం పా" అని లేచింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చున్నాక కిష్టవ్వ అడిగింది.

"గా దస్కత్ మాట నిజంగ ఉత్తరంల ఉండెనా?"

"ఉండె."

"మంగళారమే ఇప్పితే బతుకుతుండెనా?"

పాత జవాబు నోట్లో సిద్ధంగానే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అరిగిపోకుండా ఉంది. ఈసారి దాన్ని పక్కన పెట్టింది. "తెల్వదవ్వా" అంది. ఆ ఒక్కటీ నిజమే.

కిష్టవ్వ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఉంటే బాగుండునని అనసూర్యకు అనిపించింది.

"అప్పుడు చెప్పకపోతివి. చిన్నపోరివి, భయపడ్డవు అనుకుంట. పెద్దగైనంక చెప్పకపోతివి. నా పానం కోసమే అనుకుంట. మరి గా పోరగాళ్లకు ఎట్ల చెప్పినవు?"

"పేరు మార్చి చెప్పినవ్వా. నేను రాసేది ఎవలు సదువుతలేరు. గిదొక్కటన్న ఆగి వింటరనుకున్న."

"విన్నరా?"

"లేదు."

కిష్టవ్వ తలూపింది. గోడ పట్టుకుని లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టింది.

నెల తిరక్కుండానే దినేశ్ ఉత్తరం ఘట్టాన్ని మొత్తం తీసేశాడు. ఆట అక్కడ నెమ్మదిస్తోందట, హైదరాబాదు వాళ్లు ఒప్పుకోలేదట. చెప్పేటప్పుడు పాపం బాధపడ్డాడు. అనసూర్య సరేనంది. ఇప్పుడు ఆ గేములో రాజయ్య భివండీ పోనే పోడు. జనం బాగానే ఆడుతున్నారు.

ఇంట్లో కూడా చూడటానికి ఏమీ మారలేదు. కిష్టవ్వ వేళకు తింటుంది, వాడ ముచ్చట్లు చెబుతుంది, కూతురు ఆలస్యమైతే వీధిలోకి వచ్చి నిలబడుతుంది. మొన్న కంటి పరీక్షకు రమ్మని దవాఖాన నుంచి కాగితం వచ్చింది. అనసూర్య పొద్దున ఆఫీసుకు పోయేముందు దాన్ని మొదటినుంచి చివరిదాకా, సంతకం కింద తేదీతో సహా చదివి వినిపించింది. కిష్టవ్వ తలూపి, కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. సాయంత్రం అనసూర్య సందు తిరిగేసరికి, అవ్వ పక్కింటి యోబు అరుగు మీద కూర్చుని ఉంది. యోబు ఇళ్లకు వైరింగ్ పని చేస్తాడు, కూడబలుక్కుని చదువుతాడు. ఒక కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతున్నాడు. "మొత్తం సదువు కొడుకా, నడుమ ఏం ఇడువకు" అంటోంది కిష్టవ్వ. అది పొద్దున తను చదివిన కాగితమే.